ప్రభ వస్తోంది, తీగలు విప్పండి

మాఘమాసం చివరికొచ్చేసరికి పర్చూరు, చిలకలూరిపేట నల్లరేగడి చేలల్లో పత్తి తీతలు దాదాపు అయిపోతాయి. కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఎండుతుంటాయి. రైతు చేతిలో నాలుగు డబ్బులాడే ఆ రోజుల్లోనే శివరాత్రి వస్తుంది. కోటప్పకొండ శివుడి తిరునాళ్లకు ఊళ్లలో ప్రభలు, అంటే అలంకరించిన ఎత్తయిన చట్రాలు, లేస్తాయి.

రైతుల పండగలు వేరేచోట్లా ఉన్నాయి. ఇంగ్లండులో మైఖేల్ ఈవిస్ అనే పాడిరైతు 1970లో తన పొలంలో పాటల పండగ పెట్టి, టికెట్టు ఒక పౌను, పాలు ఉచితం అన్నాడట. గ్లాస్టన్‌బరీ అలా మొదలైంది. కోటప్పకొండ తిరునాళ్ల అంతకు అరవై ఏళ్ల ముందే కోర్టుకెక్కింది! 1909 శివరాత్రినాడు ప్రభ లాగుతూ బెదిరిన ఎడ్ల మీద పోలీసులు తుపాకులు పేల్చారు. జనం తిరగబడ్డారు, ఠాణా తగలబడింది. ఆ కేసులో చిన్నపరెడ్డి అనే ఆయన్ను ఉరితీశారు. తెల్లదొరల రికార్డుల్లో ముద్దాయి అయినవాడు పల్లెపాటల్లో వీరుడయ్యాడు.

ఆ ఎడ్లు లాగిన ప్రభలకూ ఇప్పటివాటికీ పోలికే లేదు. అప్పట్లో బండి మీద కర్రల చట్రం, దానికి రంగుగుడ్డలు, కాగితప్పూలు. కరెంటు వచ్చాక ప్రభ ఆకాశం వైపు పెరిగింది. ఎనభై, తొంభై అడుగుల ఎత్తున బల్బులు బారులు తీరాయి. రాగిరేకులు బిగించిన చెక్కరోలరు తిరుగుతుంటే ఒక్కో రేకు ఒక్కో వరుసను వెలిగించేది. నెమలి పురివిప్పేది, చక్రం గిర్రున తిరిగేది. ఎడ్ల స్థానంలో ట్రాక్టర్లు, వెనకాల జనరేటరు. మోకులు మాత్రం మనుషుల చేతుల్లోనే ఉన్నాయి. ఎగుడుదిగుడు దారిలో ప్రభ ఒక పక్కకు ఒరిగితే రెండో పక్కవాళ్లు కాళ్లు నేలకు తన్నిపెట్టి లాగాలి.

కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటకు వెళ్లే ప్రభలు మనుషుల భుజాలెక్కి వరిచేలల్లోంచే సాగిపోతాయి. ఇక్కడి ప్రభ బరువు భుజాలు మోసేది కాదు.

కొండ కింద బారులు తీరాక అసలు సందడి మొదలు. ప్రభ ముందే వేదిక. ఒకప్పుడు భోగం మేళాలు, బుర్రకథలు, పద్యనాటకాలు. తర్వాత రికార్డింగు డాన్సులు. ఈ ప్రాంతపు తిరునాళ్లలో ‘చింతామణి’ నాటకానికి ఉన్న గిరాకీ ఇంతా అంతా కాదు. కాళ్లకూరి నారాయణరావు వేశ్యావ్యసనం మాన్పించాలనే రాశారు గాని, ఈలలన్నీ అందులోని వైశ్యుడి పాత్ర సుబ్బిశెట్టికే పడేవి. ఆ పాత్ర మీద ఆర్యవైశ్యుల అభ్యంతరాలతో 2022 జనవరిలో ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది.

అదే ఏడాది జిల్లాలూ మారాయి. 1970లో గుంటూరు నుంచి విడిపోయి ప్రకాశంలో కలిసిన పర్చూరు ఇప్పుడు బాపట్ల జిల్లా; కొండేమో పల్నాడు. ప్రభల దారిలో కరెంటోళ్లకు మాత్రం పాత పనే: ముందు లైన్ ఆపి తీగలు విప్పడం, ప్రభ దాటగానే నిచ్చెనెక్కి మళ్లీ కట్టడం. ఈలోపు వెనకనుంచి ఇంకో ఊరి డప్పులు వినబడితే, నిచ్చెన దిగకుండా అక్కడే ఆగడం.