తాబేలుకు హౌజు కట్టడమంటే

2024 మార్చి 16న హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో ఒక ముసలి తాబేలు చనిపోయింది. దాని పేరు చాణక్య. గాలాపగోస్ జాతి పెద్ద తాబేలు. జూ వారి లెక్కలో దాని వయసు 125 ఏళ్ళు. అందరూ ఆ వయసు గురించే మాట్లాడుకున్నారు. నాందేడ్‌లో ఉన్న మాకు మాత్రం ఆ వార్తలో ఇంకో అంకె మీద కన్ను పడింది: 1963. ఆ ఏడు దాన్ని బాగె ఆమ్ నుంచి, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్ నుంచి, మీర్ ఆలం చెరువు పక్కన కొత్తగా తెరిచిన జూకు తెచ్చారు.

ఆ అంకె ఎందుకు పట్టుకుందో చెప్తాం. 125 ఏళ్ళు వెనక్కి లెక్కేస్తే 1899 వస్తుంది. అప్పుడు హైదరాబాద్ గద్దె మీద ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. నాందేడ్ ఆయన రాజ్యంలో ఒక జిల్లా. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా నాందేడ్ మీదుగా గోదావరి వ్యాలీ రైలు దారి వేసిన కాలం కూడా అదే. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చేనాటికి ఈ తాబేలు తొమ్మిదేళ్ళది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. 1956 నవంబరు 1న ఆ రాష్ట్రాన్ని భాషల ప్రకారం మూడు ముక్కలు చేశారు. మా నాందేడ్ బొంబాయి రాష్ట్రానికి, మా మేనత్తవాళ్ళ బీదర్ మైసూరుకు, హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 1960 మే 1న మేం మహారాష్ట్ర వాళ్ళమయ్యాం. 2014 జూన్ 2న హైదరాబాద్ తెలంగాణకు వచ్చింది.

ఒక్క తాబేలు బతుకులో మా ఇంటి చిరునామా మూడు సార్లు పేరు మార్చుకుంది. నిజాం రాజ్యం, హైదరాబాద్ రాష్ట్రం, బొంబాయి, మహారాష్ట్ర. ఇల్లు మాత్రం అక్కడే ఉంది. తాబేలుకు చిరునామాతో పాటు ఇల్లూ మారింది. అయినా ఎవరో ఒకరు రోజూ దానికి గడ్డి వేశారు, నీళ్ళు పట్టారు. రాజ్యం పోయినా నీళ్ళు పట్టే మనిషి పోలేదు. ఈ వ్యాసం ఆ నీళ్ళ గురించే.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నామంటే, మా చిన్నాయన కొడుకు ఒక ప్రశ్న అడిగాడు. నాందేడ్ పాత ఇంటి పెరట్లో పెద్ద తాబేలును పెంచాలని, అది దిగి నానడానికి హౌజు కట్టించాలని వాడి కోరిక. "అక్కా, మీరు అన్నీ వెతికి చూస్తరు కదా, ఎట్ల కట్టాలో జర చెప్పండి" అన్నాడు. మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా చేతికిస్తే ముందు అది ఎక్కడ పాడవుతుందో చూడడమే మాకు అలవాటు. హౌజును కూడా అట్లే చూశాం.

హౌజు, హౌద్, హౌదు

ముందు మాట సంగతి. ఇంటి పెరట్లో నీళ్ళు నిలవ చేసే సిమెంటు తొట్టిని తెలంగాణ వైపు హౌజు అంటారు. నాందేడ్ మరాఠీలో అదే హౌద్. రెండూ ఒకే అరబ్బీ మాట నుంచి ఫారసీ మీదుగా దక్కనుకు వచ్చాయి. మసీదు ముందు కాళ్ళు చేతులు కడుక్కునే కొలను కూడా హౌజే. కోస్తా వాళ్ళు తొట్టి అంటే సరిపెట్టుకుంటారు.

మా బడి చదువు బీదర్‌లో కన్నడంలో అయింది. కన్నడంలో హౌదు అంటే "అవును". వాడు ఇంటి వాట్సాప్ గ్రూపులో "హౌజు కడదామా?" అని అడిగితే, బీదర్ మేనత్త "హౌదు" అని పెట్టింది. ఆమె ఒప్పుకుందని మేం అనుకున్నాం. మరాఠీ బడిలో చదివే పిల్లలేమో అత్త వాడి తప్పు దిద్దిందనుకున్నారు. ఇంకో చిక్కు, కన్నడంలో తాబేలును ఆమె అంటారు. "ఆమెకు నీళ్ళు కావాలి" అని మేం రాస్తే ఎవరికి నీళ్ళు కావాలో చదివేవాళ్ళే తేల్చుకోవాలి! అందుకే ఇక్కడ తాబేలు అనే రాస్తున్నాం.

నేల తాబేలుకు నీళ్ళెందుకు

ఇది చాలామందికి వచ్చే అనుమానం. చాణక్య జాతి తాబేలు నేల మీద తిరిగేది, మన గోదావరిలో ఈదే తాబేళ్ళ లాంటిది కాదు. దాని కాళ్ళు ఏనుగు కాళ్ళలా స్తంభాల మాదిరి ఉంటాయి, ఈదడానికి పనికిరావు. లోతు నీళ్ళలో పడితే మునిగి చచ్చే ప్రమాదం ఉంది. అయినా దానికి నీళ్ళంటే ప్రాణం.

1835లో చార్లెస్ డార్విన్ గాలాపగోస్ దీవులకు వెళ్ళినప్పుడు మొదట గమనించిన వాటిలో తాబేళ్ళ బాటలు ఉన్నాయి. నీటి ఊటలు కొండ మీద ఉంటే, తీరం నుంచి అక్కడిదాకా తాబేళ్ళు నడిచి నడిచి వెడల్పాటి దారులు పడ్డాయి. ఊట దగ్గరికి చేరిన తాబేలు కళ్ళు మునిగేదాకా తల నీళ్ళలో పెట్టి గుటకలు వేసేదని ఆయన రాశాడు. తాగిన నీటిని అది మూత్రాశయంలో దాచుకుంటుంది, కరువు రోజుల్లో వాడుకుంటుంది. ఈ దాచుకునే గుణమే దాని కొంప ముంచింది. తిండీ నీళ్ళూ లేకుండా నెలల తరబడి బతుకుతుందని తెలిసి, తిమింగలాల వేటకు పోయే ఓడల వాళ్ళు తాబేళ్ళను తిరగేసి ఓడ అడుగున పేర్చుకుని, తాజా మాంసంగా వాడుకున్నారు. అట్లా పోయినవి లక్షకు పైనే అని అంచనా.

నానడానికి ఇంకో కారణం ఎండ. తాబేలుకు చెమట పట్టదు. వేడెక్కితే నీడకో బురదకో పోవాలి. గాలాపగోస్‌లో పెద్ద తాబేళ్ళు బురద గుంటల్లో గుంపుగా పడుకుంటాయి. ఒంటికి పట్టిన బురద పిడుదులను కూడా దూరం పెడుతుంది, మన బర్రెలు చెరువులో పడుకున్నట్టే. నీళ్ళలో దిగగానే తాగడం, మల మూత్రాలు వదలడం రెండూ జరుగుతాయి. నీళ్ళు సరిగా అందని తాబేలుకు మూత్రాశయంలో రాళ్ళు కడతాయి.

ఎట్లా కట్టాలి

ఇక మా వాడికి చెప్పింది. పెరట్లో ఉన్న పాత హౌజు దీనికి పనికిరాదు. దాని గోడలు నిలువుగా ఉంటాయి, లోతు మూడడుగులు. తాబేలు పడితే పైకి రాలేదు. దీనికి కావలసింది గోడల్లేని హౌజు, పళ్ళెం లాంటిది.

ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు అనుకోండి. ఒక వైపు నుంచి నేల సమానంగా మొదలై మెల్లగా దిగాలి. అన్నింటికన్నా లోతైన చోట కూడా నిలబడ్డ తాబేలు గడ్డం నీటిపైనే ఉండాలి. ఏటవాలు మరీ నిటారుగా ఉంటే దిగేటప్పుడు వెల్లకిలా పడుతుంది. వెల్లకిలా పడ్డ తాబేలుకు అర అడుగు నీళ్ళు కూడా ప్రాణాంతకమే. కింద నున్నగా ఉంటే జారుతుంది, మరీ గరుకుగా ఉంటే పొట్ట చిప్ప అరుగుతుంది. అందుకని సిమెంటు ఆరకముందే చీపురుతో గీతలు గీస్తే చాలు. కొత్త సిమెంటు నీళ్ళలోకి సున్నం వదులుతుంది. క్యూరింగ్ అయ్యాక కూడా చాలాసార్లు నింపి పారబోసి, ఆ తర్వాతే వాడాలి.

అడుగున నీళ్ళు వదిలే పైపు పెద్దది పెట్టాలి. గడ్డి తినే జంతువు, పేడ పడితే సన్న పైపు ఒక్క రోజులో మూసుకుపోతుంది. ఆ నీళ్ళు అరటి చెట్లకు వదలొచ్చు. నాందేడ్ మే నెల ఎండ 42 దాటుతుంది, కాబట్టి సగం హౌజు మీద నీడ తప్పనిసరి. లేకపోతే మధ్యాహ్నానికి నీళ్ళు కాగిపోతాయి. నీళ్ళు ఏ రోజుకారోజు మార్చాలి. మార్చకపోతే దోమలు పెరుగుతాయి. తాబేళ్ళ మలంలో సాల్మొనెల్లా ఉండొచ్చు కాబట్టి పిల్లలు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి.

మేస్త్రీకి ఇది మూడు నాలుగు రోజుల పని. అసలు లెక్క తర్వాత వస్తుంది. ఆరు అడుగులు, ఐదు అడుగులు, సగటు లోతు ఐదు అంగుళాలు. నింపితే సుమారు 350 లీటర్లు, అదీ ప్రతి రోజూ. పట్నంలో ఒక మనిషికి రోజుకు 135 లీటర్లు అని మన దేశంలో లెక్క. అంటే ఇద్దరు మనుషులకు పైగా వాడుకునే నీళ్ళు. 2016 ఏప్రిల్‌లో మా పక్క జిల్లా లాతూర్‌కు మిరజ్ నుంచి రైలు వ్యాగన్లలో తాగే నీళ్ళు తెచ్చారు. ఆ రైలుకు జలదూత్ అని పేరు. మొదటి రైలులో వచ్చింది సుమారు 5 లక్షల లీటర్లు. మనకు గోదావరి ఉంది, విష్ణుపురి బ్యారేజీ ఉంది, నిజమే. అయినా మరాఠ్వాడాలో ఉండి, రోజుకు 350 లీటర్లు మారబోస్తామని ముప్పై నలభై ఏళ్ళకు మాట ఇచ్చేవాళ్ళు ఒకసారి ఆగి ఆలోచించాలి.

ఏ తాబేలు?

ఇంకో సంగతి చట్టం. మన అడవుల్లో దొరికే నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం. 1972 వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో అది మొదటి షెడ్యూల్‌లోకి, అంటే పులి ఉన్న జాబితాలోకి చేరింది. "చిన్నదే కదా, బజార్లో దొరికింది" అంటే కుదరదు. మా వాడు అడిగింది ఆఫ్రికా సల్కాటా తాబేలును. అది విదేశీ జాతి కాబట్టి 2024లో వచ్చిన నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు లేనిది కొనకూడదు. ఎదిగిన మగ సల్కాటా 50 కిలోలు దాటి కూడా పెరుగుతుంది. నేలలో పెద్ద పెద్ద బొరియలు తవ్వుతుంది. పాత ఇంటి గోడల పునాది దగ్గర తవ్వితే ఏమవుతుందో మేస్త్రీని అడగమన్నాం.

మన ప్రాంతంలో తాబేలుకు గౌరవం కొత్త కాదు. మహారాష్ట్ర గుళ్ళలో గర్భగుడి ముందు నేల మీద రాతి కాసవ్ ఉంటుంది. ఊళ్ళో మరాఠీ వాళ్ళు దానికి దండం పెట్టుకునే లోపలికి పోతారు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో విష్ణువు కూర్మ రూపంలోనే కొలువై ఉన్నాడు. అక్కడ గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు కూడా ఉన్నాయి. ఇట్లాంటి చోట్ల తాబేలు ఒక్కరి సొత్తు కాదు. ఒకరు పోయినా ఇంకొకరు చూస్తారు.

నీళ్ళు పట్టేది ఎవరు?

కోల్‌కతా ఆలీపూర్ జూలో 2006 మార్చిలో అద్వైత అనే ఆల్డాబ్రా తాబేలు చనిపోయింది. అది ఒకప్పుడు రాబర్ట్ క్లైవ్ దగ్గర ఉండేదని చెప్పుకుంటారు, వయసు 250 అంటారు. ఆ వయసు నిజమా కాదా అన్నది పక్కన పెట్టండి. దాన్ని మొదట సాకినవాళ్ళెవరూ దాని చావు చూడలేదు. చాణక్య సంగతీ అంతే. బాగె ఆమ్‌లో దానికి నీళ్ళు పట్టినవాళ్ళు బహదూర్‌పురా జూలో దాని చివరి రోజులు చూడలేదు. వాళ్ళ పేర్లు ఏ పేపర్లోనూ రాలేదు. కానీ ఆ పని మధ్యలో తెగిపోలేదు, ఎందుకంటే అది ఒక ఇంటి మీద కాక ఒక సంస్థ మీద నిలబడి ఉంది.

మా ఇంటి సంగతి చూసుకున్నాం. తాతల కాలంలో నాందేడ్ ఇంట్లో పద్నాలుగు మంది ఉండేవాళ్ళు. ఇప్పుడు నలుగురు. పిల్లలు పుణె అంటున్నారు, బెంగళూరు అంటున్నారు, ఇంకా దూరం కూడా అంటున్నారు. మీ ఇళ్ళల్లోనూ ఇదే లెక్క ఉంటుంది. తాళం పడ్డ ఇంట్లో తులసి చెట్టుకైనా పక్కింటి వాళ్ళు చెంబెడు నీళ్ళు పోస్తారు. 50 కిలోల తాబేలుకు 350 లీటర్లు ఎవరు పోస్తారు?

అందుకని మా వాడికి మూడు పేర్లు రాసి చూపించమన్నాం. వాడి తర్వాత ఒకరు, ఆ తర్వాత ఒకరు, ఇద్దరూ లేనినాడు ఇంకొకరు. వాళ్ళే ఒప్పుకుని సంతకం పెట్టాలి. వారం రోజులు అందరికీ ఫోన్లు చేశాడు. ఒక్క సంతకమే వచ్చింది, బీదర్ మేనత్తది. ఆమెకు 71 ఏళ్ళు.

తాబేలును తేవద్దని వాడే అన్నాడు. మేం వద్దనలేదు. డిసెంబరులో పిల్లలందరినీ తీసుకుని దేవగిరి ఎక్కి హైదరాబాద్ పోయి, జూలో తాబేళ్ళను చూపించి రావాలని అనుకున్నాం. రాష్ట్రం వేరైనా నాందేడ్ రైల్వే డివిజన్ ఇప్పటికీ సికింద్రాబాద్ కిందే ఉంది కదా. పిల్లలు హౌజు ఒడ్డున నిలబడి తాబేలును చూస్తుంటే, మేం మాత్రం నీళ్ళు మార్చే మనిషితో మాట్లాడతాం.

మీ ఇంట్లో పాత హౌజు ఉంటే, దాన్ని మీవాళ్ళు ఏ పేరుతో పిలుస్తారో, ఇప్పుడు ఎవరు నింపుతున్నారో మాకు రాయండి.