ముహన్నద్

నేను కమ్మరిని కాను. సెలవు దొరికితే కత్తులు చేస్తాను, అంతే. పాత లారీ కమాను పట్టీ ముక్క తెచ్చి, కొలిమిలో సాగగొట్టించుకుని, పెరట్లో కూర్చుని ఆకురాయితో అరగదీస్తాను. అంచు తేరడానికి నాలుగు ఆదివారాలు పడుతుంది. తొందరపడి ఎక్కువ కాల్చానా, నూనెలో ముంచగానే చిట్లుతుంది. మళ్లీ మొదటికి. చివరికి తుమ్మకర్ర పిడి బిగించి, సానబట్టి అమ్మీ చేతికిస్తే ఉల్లిగడ్డ కోసి చూసి, "అచ్ఛా హై బేటా" అంటుంది. ఆ మాట చాలు.

పొరుగాయన గోడ మీదుగా చూసి, "ఏం సాయిబూ, కత్తులు నూరుతున్నావ్!" అంటాడు. నవ్వుతూనే అంటాడు. తెలుగులో ఆ మాటకున్న రెండో అర్థం ఇద్దరికీ తెలుసు. ఆయన నూరితే సరదా. నేను నూరితే అనుమానం.

అయితే ఈ కత్తి ఎవరిది?

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు ఇనుమును మట్టి మూసల్లో కరిగించి, మెల్లగా చల్లారనిచ్చి ఉక్కుముద్దలు తీసేవారు. వాటి కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. 1832లో అచ్చయిన హెన్రీ వాయిసీ రచనలో ఈ సంగతి ఉంది. ఇంగ్లీషువాళ్లు వుట్జ్ అన్నది ఈ ఉక్కునే. 1819లో మైకేల్ ఫారడే అంతటివాడు దాన్ని పరీక్షించాడు. యూరప్ కమ్మరులు బాగా కాల్చి కొడితే అది పొడిపొడి అయ్యింది. తక్కువ వేడిలో, కొద్దికొద్దిగా కొట్టాలని పర్షియా ఉస్తాద్‌కు తెలుసు. అట్లా కొడితేనే అలల్లాంటి చారలు తేలతాయి. లోకం డమాస్కస్ కత్తులని మెచ్చుకున్నది అలాంటి వాటినే.

అరబ్బులకు మన ఉక్కు అంతకు చాలా ముందే తెలుసు. 9వ శతాబ్దంలో అల్ కిందీ కత్తుల మీద గ్రంథమే రాశాడు. హిందూస్తాన్ ఉక్కుతో చేసిన కత్తిని అరబ్బీలో ముహన్నద్ అంటారు. మగపిల్లలకు ఆ పేరు పెట్టుకుంటారు. అరబ్బు తల్లి బిడ్డను పిలిచే పిలుపులో ఈ నేల ఉంది. ఈ నేల మీదే పుట్టిన మమ్మల్ని మాత్రం, ఎక్కణ్ణుంచి వచ్చారని అడుగుతారు!

మూస పెట్టిన కమ్మరిదొక మతం, సాగగొట్టిన ఉస్తాద్‌దొక మతం. ఇద్దరినీ కలిపింది ఓపిక. మా ఇంట్లో దాన్నే సబర్ అంటాం.

ఇప్పుడు పొరుగాయన కోసమే ఒక చాకు చేస్తున్నాను, వాళ్లింట్లో వంకాయలు తరుక్కోడానికి. ఇంకా అరగదీయాల్సింది చాలా ఉంది.