షాపు అద్దెకు తీసుకుంటున్నారా? 11 నెలల అగ్రిమెంట్ రాసుకుంటే సరిపోదు.. రిజిస్ట్రేషన్ లేకపోతే 15 రోజుల నోటీసే!

షాపు దొరికింది. అడ్వాన్స్ మాట్లాడుకున్నారు. 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ టైప్ చేయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి, నోటరీ ముద్ర వేయించారు. ఇక ఐదేళ్ల వరకు ఢోకా లేదని ఇంటీరియర్‌కు లక్షలు పోసేశారు. తెలుగు రాష్ట్రాల్లో చాలా మడిగెల అద్దె వ్యవహారం ఇలాగే నడుస్తోంది. ఓనర్‌తో సఖ్యత ఉన్నంత కాలం సమస్యేమీ రాదు. తేడా వచ్చి విషయం కోర్టుకు వెళ్లిందంటే మాత్రం, ఆ అగ్రిమెంట్‌లోని ఐదేళ్ల మాటకు విలువ ఉండదు.

ఎందుకంటే.. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం కొన్ని పత్రాలను తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. అందులో లీజు కూడా ఉంది. దేశంలో చాలాచోట్ల ఏడాది దాటిన లీజుకే ఈ రూల్ వర్తిస్తుంది. 11 నెలల అగ్రిమెంట్ అనే పద్ధతి పుట్టింది కూడా అందుకే. ఏడాదికి ఒక నెల తగ్గించి రాసుకుంటే రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పుతుందన్నది లెక్క.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఈ సెక్షన్‌ను సవరించారు. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి కాలపరిమితితో సంబంధం లేకుండా స్థిరాస్తి లీజు పత్రం ఏదైనా రిజిస్టర్ చేయాల్సిందే. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలోనూ ఇదే రూల్ కొనసాగుతోంది. అంటే బెంగళూరులో ఉన్న ఫ్రెండ్ చెప్పిన 11 నెలల కిటుకు విజయవాడలో, వరంగల్‌లో పనిచేయదు. పాతికేళ్లు దాటినా ఈ సంగతి తెలియని వ్యాపారులే ఎక్కువగా కనిపిస్తారు.

మరి రిజిస్టర్ చేయకపోతే అద్దెదారుడికి హక్కులే ఉండవా? అలాగని కాదు. షాపు స్వాధీనంలో ఉంది, అద్దె కడుతున్నారు కాబట్టి ఆయన అద్దెదారుడే. కాకపోతే నెలవారీ అద్దెదారుడు. ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ అద్దెను ముగించాలంటే 15 రోజుల నోటీసు చాలు. కారణం చెప్పాల్సిన పనిలేదు.

ఉదాహరణకు ఓ టిఫిన్ సెంటర్‌నే తీసుకుందాం. ఐదేళ్ల అగ్రిమెంట్‌ను నమ్ముకుని వంటగది, పొగ గొట్టం, టైల్స్, బోర్డు అన్నింటికీ కలిపి 8 లక్షలు పెట్టారు. ఏడాదిలో గిరాకీ కుదిరింది. సరిగ్గా అప్పుడే పక్క వ్యాపారి డబుల్ అద్దె ఇస్తానని ఓనర్‌కు కబురు పెట్టాడు. ఓనర్ లాయర్ నోటీసు పంపిస్తే, 'నాకింకా నాలుగేళ్లు టైమ్ ఉంది' అని చూపించడానికి చేతిలో చెల్లుబాటయ్యే పత్రం ఉండదు. రిజిస్టర్ కాని లీజు పత్రాన్ని అందులోని షరతులకు సాక్ష్యంగా తీసుకోరాదని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ చెబుతోంది. షాపులోకి ఎలా వచ్చారు, ఏ హోదాలో ఉన్నారు లాంటి అనుబంధ విషయాలకు మాత్రమే చూస్తారు. స్టాంప్ డ్యూటీ కూడా సరిగ్గా కట్టకపోతే ఆ లోటును, దానిపై పది రెట్ల వరకు పడే పెనాల్టీని కట్టేదాకా ఆ మాత్రానికి కూడా పనికిరాదు.

కోల్‌కతాకు చెందిన పార్క్ స్ట్రీట్ ప్రాపర్టీస్ కేసులో 2016లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. అద్దెదారుడు అగ్రిమెంట్‌లోని షరతును పట్టుకుని వాదించారు. రిజిస్టర్ కాలేదు కాబట్టి ఆ షరతును చూడలేమని, చట్టం చెప్పే 15 రోజుల నోటీసే వర్తిస్తుందని కోర్టు స్పష్టం చేసింది.

నష్టం ఒక్క అద్దెదారుడికే అనుకుంటే పొరపాటే. మూడేళ్లు ఖాళీ చేయకూడదనే లాక్-ఇన్, ఏటా అద్దె పెంపు లాంటి షరతులను ఓనర్ కూడా కోర్టులో నిలబెట్టుకోలేరు. అయినా చాలామంది ఓనర్లు రిజిస్ట్రేషన్ అనగానే ముఖం చిట్లిస్తారు. అద్దె ఆదాయం రికార్డులకెక్కుతుందన్న భయం అందులో కొంత ఉంటుందన్నది బహిరంగ రహస్యమే.

'నోటరీ చేయించాం కదా' అనేది తరచూ వినిపించే మాట. నోటరీ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదైతేనే రిజిస్ట్రేషన్. అలా నమోదైన లీజు ఈసీలోనూ కనిపిస్తుంది. రేపు బిల్డింగ్ అమ్మినా, కొన్నవాళ్లు లీజు సంగతి మాకు తెలియదని అనలేరు.

అద్దె నియంత్రణ చట్టం కాపాడుతుందిలే అనుకునేవాళ్లూ ఉన్నారు. తెలంగాణలో అమల్లో ఉన్న 1960 నాటి చట్టం నుంచి కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన భవనాలను మినహాయించారు. ఆ రేటుకు ఈ రోజుల్లో హైదరాబాద్‌లో మడిగె ఎక్కడ దొరుకుతుంది?

ఒక విషయంలో మాత్రం అద్దెదారుడికి గట్టి రక్షణ ఉంది. నోటీసు గడువు ముగిసినా ఓనర్ సొంతంగా షట్టర్‌కు తాళం వేయకూడదు, సామాన్లు బయట పడేయకూడదు. కోర్టులో దావా వేసి ఖాళీ చేయించుకోవాలి. బలవంతంగా బయటకు పంపితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల్లోపు దావా వేసి షాపును తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. సొంత ఖర్చుతో బిగించిన ఫిట్టింగ్స్‌ను కూడా, వేరే ఒప్పందం లేకపోతే, ఖాళీ చేసేలోపు తీసుకెళ్లొచ్చు. కాకపోతే షాపును మొదట ఎలా ఉందో అలాగే అప్పగించాలి.

ఇక ఖర్చు ఎవరిది? వేరుగా రాసుకోకపోతే లీజు స్టాంప్ డ్యూటీ భారం అద్దెదారుడిదేనని స్టాంప్ చట్టం చెబుతోంది. సగం సగం భరించేలా మాట్లాడుకుంటే ఓనర్‌ను ఒప్పించడం కాస్త తేలిక. అడ్వాన్స్, అద్దె బ్యాంక్ ద్వారానే పంపాలి. నగదు ఇచ్చి రసీదు తీసుకోకపోతే రేపు అడ్వాన్స్ ఇచ్చినట్టు నిరూపించడమే పెద్ద పని అవుతుంది.

ఇప్పటికే సంతకాలు అయిపోయాయా? పత్రం రాసుకున్న తేదీ నుంచి 4 నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు సమర్పించొచ్చు. అది దాటితే సరైన కారణం చూపి, జరిమానా కట్టి మరో 4 నెలల వరకు అవకాశం అడగొచ్చు. ఆ గడువు కూడా దాటిపోయిన పాత అగ్రిమెంట్ అయితే, ఓనర్‌తో మాట్లాడుకుని కొత్త లీజు డీడ్ రాయించుకుని రిజిస్టర్ చేయించుకోవడమే మార్గం.