కంఠస్థమైన కులచరిత్ర - దాని సంరక్షణము

ఇతిహాస మను పదమును మన పూర్వులు 'ఇతి హ ఆస' యని విడఁదీసి, 'ఇట్లు గదా జరిగినది' యని యర్థము చెప్పిరి. ఇట్లు గదా యనుటకుఁ జెప్పువాఁ డొకఁడును, వినువాఁ డొకఁడును వలయును. కావునఁ జరిత్రకు మొదటి యాధారము తాళపత్రము గాదు, తామ్రశాసనము గాదు, మనుష్యుని నోరు. ఆ నోరు మూఁతపడక మునుపే మనము చేయవలసిన పని యొకటి కలదని మహాసభాసందర్భమునఁ గులబంధువులకును, పోషకమహాశయులకును విన్నవించుచున్నాము.

పద్మశాలీయుల చరిత్ర వ్రాయఁ బూనినవారికి మొదటి చిక్కు వ్రాఁతయాధారముల స్వభావమే. 17వ శతాబ్దియందు మచిలీపట్టణమునను, పిమ్మట ఇంజరము, మాధవాయపాలెము మున్నగు గోదావరీప్రాంతపు స్థలములయందును సీమవర్తకులు మన బట్టలు కొని యోడల కెక్కించిరి. వారి కాగితములలో థానుల సంఖ్య కలదు, వెల కలదు, నేఁతగాండ్రకు ముందుగా నిచ్చిన బయానా కలదు, నచ్చక త్రిప్పివేసిన బట్టల లెక్కయుఁ గలదు. నేసినవాఁడు ఋణ మెట్లు తీర్చెనో, ఆతని యిల్లాలు రాట్నముముం దెన్ని జాములు కూర్చుండెనో యందు లేదు. బట్ట చరిత్ర కెక్కినది. నేసినవాఁడు వెలుపల నిలిచిపోయెను.

అడిగి వ్రాసికొను పద్ధతి మన దేశమునకుఁ గ్రొత్తది గాదు. 1783లో మద్రాసు చేరిన కాలిన్ మెకంజీ 1821లో మరణించువఱకు దక్షిణదేశచరిత్రసామగ్రిని సేకరించెను. ఆ కార్యమున కాతనికిఁ గన్నులును, చెవులును నైనవారు మన తెలుఁగువారగు కావలి సోదరులు. వేంకట బొఱ్ఱయ్య 1803లోఁ జిన్నవయస్సుననే గతింపఁగా, తమ్ముఁడు లక్ష్మయ్య యా భారమును వహించెను. వారును, వారి సహాయులును గ్రామగ్రామము తిరిగి, కరణముల కవిలెలు చూచి, వృద్ధుల నడిగి కైఫీయతులు వ్రాయించిరి. పిమ్మట సి.పి. బ్రౌను వానిలోఁ బెక్కింటికి మరల ప్రతులు వ్రాయించెను. శిథిలమగుచున్న కాగితమునందలి విషయమునకు మఱియొక యాయుష్షు పోసినది యా ప్రతిలేఖనమే. ఈ నీతిని ముందు మరల స్మరింపవలసియున్నది. అయినను ఆ కైఫీయతులలో మిక్కిలిగా వినఁబడునది కరణముల గొంతుక, దేవస్థానమువారి గొంతుక. మగ్గపుగుంటలోఁ గూర్చున్నవానిమాట యందు స్వల్పము.

అట్లయిన మన మాటను నిలిపినవా రెవరు? కూనపులివారు. తెలంగాణమున వారు పటమును విప్పి, మార్కండేయ భావనాఋషుల కథను పాడుచు, మన కులము పుట్టుపూర్వోత్తరములను మనకే వినిపించిరి. ఆ పటములను వ్రాసినవారు నకాషీ చిత్రకారులు. చేర్యాల నేఁటికిని వారి విద్యకుఁ బేరుగన్న యూరు. భావనాఋషి కథను పద్మశాలీయుల వృత్తాంతముతోఁ జూపు 1625 నాఁటి పట మొకటి హైదరాబాదునందలి జగదీశ్ కమలా మిట్టల్ సంగ్రహాలయమున భద్రముగా నున్నది. మనకే కాదు, ముదిరాజులకు కాకిపడగలవారును, గౌడులకు గౌడజెట్టివారును, మాదిగలకు డక్కలివారును నిట్టి స్మృతిపాలకులే. కులచరిత్రను దాఁచు నిక్షేపశాలలు మన దేశమునఁ గాళ్లతో నడచినవి, కంఠముతోఁ బాడినవి.

ఆ శాలలను బోషించు భారము మనది. ఏఁటేఁట గ్రామమునకు వచ్చినపుడు మన పెద్దలు వారికి ధాన్యమును, వస్త్రమును, కట్నమును నిచ్చి పంపిరి. మగ్గములు తగ్గి, మనవారు షోలాపురము, భీమండి, సూరతు, ముంబయి చేరినపిదప నా రాకపోకలు సన్నగిల్లినవి. పటము సంగ్రహాలయమున నుండవచ్చును; పాడువాఁడు లేని పటము బొమ్మలవరుస మాత్రమే. ఈ లోపమును బరులపై మోపుట మాకు సమ్మతము గాదు.

మా లోపమును గూడఁ జెప్పుకొందుము. మా చిన్నతాతగారు యౌవనమున షోలాపురము పోయి, మిల్లులోఁ బనిచేసి, వార్ధకమున నూరు చేరినవారు. మేము పాఠశాలలో బాలురకు రాజుల పట్టాభిషేకసంవత్సరములు వల్లెవేయించుచుంటిమి గాని, ఇంటి యరుఁగుమీఁదఁ గూర్చున్న యా వృద్ధు నడుగమైతిమి. వేసవిసెలవులలో నడుగుద మనుకొంటిమి. రెండు వేసవులు గడచినవి. మూఁడవ వేసవికి వారు లేరు. వారి నాడె యొకటి మా యింట నున్నది. అది యిక్కడి మగ్గముదో, షోలాపురమునుండి తెచ్చినదో చెప్పువారు నేఁడు లేరు.

నేఁడు ప్రతి యింటను జేతిఫోను కలదు. దానితోనే ధ్వనిని గ్రహింపవచ్చును. వృద్ధుని పేరు, ఊరు, వయస్సు, సంభాషణము జరిగిన తేదీ మొదటనే పలికించుఁడు. ఆయన యనుమతిని గూడ నా ధ్వనియందే నిలుపుఁడు. బయటఁ బెట్టరాదన్న మాటను బయటఁ బెట్టకుఁడు. 'మన కులము గొప్పదేనా?' యని యడుగకుఁడు. 'ఆసు పోసినది ఎవరు? గంజి దేనితోఁ గాచిరి? మొదటి కూలి యెంత? ఊరు విడిచిననాఁడు వెంటఁ దీసికొనిపోయిన దేమి?' యని యడుగుఁడు. ఆయన యూరకున్నచోఁ దొందరపడకుఁడు. స్త్రీలను వేఱుగా నడుగుఁడు. కండెలు చుట్టినవారు వారే, అప్పులవాఁడు తలుపు తట్టినపుడు బదులు చెప్పినవారును వారే.

కథ పురాణముతో సరిపడకున్నను దిద్దవలదు. ఒకే సంగతిని ఇద్దఱు రెండు విధములఁ జెప్పిన రెండును నిలుపుఁడు. అప్పు, ఆఁకలి, అన్నదమ్ముల వ్యాజ్యము, సంఘమున మనము చేసిన యన్యాయము వినఁబడినను గొట్టివేయకుఁడు. పొగడ్తమాత్రమే మిగిల్చిన కులచరిత్రను మన మనుమలే నమ్మరు.

గ్రహించినంతమాత్రమునఁ బని ముగియదు. వేదమును నోటితో నిలిపిన మన పూర్వులు సంహితాపాఠముతోఁ దృప్తిపడక, పదము, క్రమము, జట, ఘనము నని పెక్కు పాఠములు కల్పించిరి. ఒకదానఁ దప్పు దొరలిన వేఱొకటి పట్టియిచ్చును. యంత్రమునకును నిట్టి రక్షయే వలయును. కుదింపని వేవ్ రూపమున నుంచిన యొక గంటసంభాషణము సుమారు 500 మెగాబైట్లగును; నేఁటి పరికరముల కది పెద్దభారము గాదు. ప్రతులు మూఁడుండవలెను, అందొకటి వేఱొక యూర నుండవలెను. ఫోనులోనే యుంచితిమా, ఫోనుతోనే పోవును. డిస్కులును జెడును గావునఁ గొన్నియేండ్ల కొకసారి క్రొత్తవానిలోనికిఁ బ్రతిచేయవలెను. బ్రౌను కాగితమునకుఁ జేయించినది మనము ధ్వనికిఁ జేయవలసియున్నది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, దేనిని గూర్చి పలికిరో తెలుపు పట్టిక లేనిచో వేయిగంటల ధ్వనియు మూటగట్టిన చిక్కునూలే.

పోషకమహాశయులకు మా విన్నపము స్వల్పము. ప్రతి శాఖాసంఘము ఇద్దఱు యువకుల నీ పనికి నియమించి, వారి ప్రయాణవ్యయము భరించుఁ గాక. పటము విప్పి పాడఁగల కూనపులి గాయకుని బిలిపించి, పూర్వమర్యాదకుఁ దక్కువగాని సంభావన యిచ్చి, కథను ఆద్యంతముగాఁ బాడించి నిలుపుఁ గాక. సత్రములు, విద్యార్థివసతిగృహములు కట్టించిన చేతులకు నిది మోయరాని భారము గాదు. సత్రమునకుఁ బునాది వచ్చే యేఁడైనను వేయవచ్చును; ఎనుబదియేండ్ల వృద్ధునిమాట వచ్చే యేఁటివఱకు నాఁగదు.

ఈ సంచికను జదివి ముగించినవారు తమ యింటిలోని యందఱికంటెఁ బెద్దవారియొద్దకుఁ బోయి యొక్క ప్రశ్న యడిగినచో మా శ్రమ ఫలించిన దని తలంతుము.

శుభమస్తు.