'మారుమనస్సు': ఒక పదము పూర్వచరిత్ర

క్రైస్తవ మతగ్రంథములందలి కొన్ని పదముల వెనుక అనేక శతాబ్దముల వాదము దాగియున్నది. తెలుగు బైబిలునందలి 'మారుమనస్సు' అట్టిది. దాని మూలపదమును, ఆ మూలపదము యూరపునందు రేపిన వివాదమును ఇచ్చట సంగ్రహముగా పరిశీలింతము.

క్రొత్త నిబంధన గ్రీకుభాషలో వెలసినది. అందు బాప్తిస్మమిచ్చు యోహాను జనులను దేనికై పిలిచెనో దానికి గ్రీకుపేరు 'మెటనోయియా'. ఇందు మొదటి భాగము మార్పును, రెండవది మనస్సును తెలుపును. లాటినుభాషలో దీనికి 'పేనిటెన్షియా' యను పదము స్థిరపడినది. దానికి అనుతాపమని అర్థము. కాని మధ్యయుగమున ఆ పదమే, గురువునెదుట పాపము నొప్పుకొని ఆయన విధించిన ప్రాయశ్చిత్తమును నెరవేర్చు సంస్కారమునకు పేరయ్యెను. అందుచే లాటిను బైబిలులో యోహాను పిలుపును చదివినవారికి 'ప్రాయశ్చిత్తము చేసికొనుడు' అనునట్లు తోచుట సహజమే.

ఈ భేదమును పూర్వులు ఎరుగకపోలేదు. గ్రీకుపదము పాపమును ఒప్పుకొనుటనుండి గాక మనస్సు మారుటనుండి పుట్టినదని టెర్టుల్లియను 3వ శతాబ్ది ఆరంభముననే వ్రాసెను. తెలివి తిరిగి తెచ్చుకొనుట యను అర్థముగల వేరొక లాటినుపదమును 4వ శతాబ్దిలో లాక్టాంషియసు సూచించెను. ఎరాస్మసు 1516లో గ్రీకు క్రొత్త నిబంధనను ప్రకటించుచు, తన వ్యాఖ్యలలో ఈ చర్చను మరల లేవదీసెను. మరుసటి యేడు, 1517లో, లూథరు తన 95 సిద్ధాంతములలో మొదటి రెండింటిని దీనికే వినియోగించెను. క్రీస్తు కోరినది విశ్వాసి జీవితమంతయు సాగవలసిన పరివర్తనమనియు, దానిని గురువులు జరుపు సంస్కారముగా గ్రహింపరాదనియు ఆయన వాదము. ట్రెంటు మహాసభ 1551లో ఆ సంస్కారమును క్రీస్తే స్థాపించెనని నిర్ధారించినది. ఒక్క పదమే క్రైస్తవసంఘమును చీల్చినదని మేము చెప్పము. పాపక్షమాపత్రముల విక్రయము, పోపు అధికారము మున్నగు కారణములు పెక్కులు గలవు. అయినను వివాదమునకు ఈ పదము ఆయుధమైనదనుట నిశ్చయము.

ఇక తెలుగునకు వత్తము. నేడు బహుళవ్యాప్తియందున్న ప్రొటెస్టంటు అనువాదమున మూడు పదములు వేరువేరుగా నిలిచియున్నవి. లేవీయకాండమునందలి బలివిధులకు 'ప్రాయశ్చిత్తము'; యేసును అప్పగించిన యూదా పిదప పొందిన పరితాపమునకు 'పశ్చాత్తాపము'; యోహాను పిలుపునకు 'మారుమనస్సు'. యూదా విషయమున గ్రీకుమూలమునందును వేరొక క్రియయే కలదు. కావున లాటినులో కలిసిపోయిన భావములు తెలుగులో విడివడియే యున్నవి.

అయితే వ్యుత్పత్తినిబట్టియే అర్థమును తేల్చుట పొరపాటు. యోహాను పిలుపు వెనుక, దేవునివైపునకు తిరిగివచ్చుట యను హెబ్రీ ప్రవక్తల భావము కలదు. మారుమనస్సునకు తగిన ఫలములను ఆయన కోరెను గదా! మారవలసినది తలంపు మాత్రమే కాదు, నడవడియును. తెలుగుపదమును చదువునపుడు ఈ సంగతిని మరువరాదని మా యభిప్రాయము.