ఎల్‌బూర్: రెయూనియన్ కొండల నడుమ ఒక పాత గ్రామం

మారిషస్ నుండి రెయూనియన్ దీవికి వెళ్లే మనవారిలో అధికులు అగ్నిపర్వతమును చూచి, సముద్రతీరమున ఒక రోజు గడిపి తిరిగివస్తారు. మేము ఈ వ్యాసమున పరిచయం చేయదలచినది ఎల్‌బూర్ అను కొండ గ్రామమును. ఇది సలాజీ లోయలో, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్లకు పైన ఉన్నది. ఊరి పేరును వ్రాతలో చూచినప్పుడు ఆంగ్లము చదివినవారికి నవ్వు వస్తుంది గాని, నరకమునకూ దీనికీ సంబంధము లేదు. 1838 నుండి 1841 వరకు దీవికి గవర్నరుగా ఉన్న ద ఎల్ అను నౌకాధికారి పేరు దీనికి పెట్టినారు.

తూర్పు తీరమున గల సాంత్ ఆంద్రే పట్టణము నుండి కొండదారి మొదలవుతుంది. ఊరిని చూచుటకు ముందు ఈ దారిని చూడవలెను. పట్టణము చుట్టూ చెరకు తోటలు, వాటి నడుమ రంగురంగుల గోపురములు కనబడతాయి. కొలోస్ ఆలయము వాటిలో పేరుగాంచినది. రెయూనియన్‌లో దక్షిణ భారత సంతతివారిని ‘మలబార్’ అంటారు. వారిలో చాలామంది బిడ్డకు చర్చిలో జ్ఞానస్నానము చేయించి, ఆలయములో తల నీలాలు కూడా ఇప్పిస్తారు. వారికి ఇందులో వైరుధ్యము కనబడదు.

దారి పక్కన ఎర్రరంగు పూసిన చిన్న గూళ్లలో సెంట్ ఎక్స్‌పెదీ విగ్రహములు ఉంటాయి. ఈయన రోమను సైనికుని వేషములోని క్రైస్తవ పునీతుడు, పనులు త్వరగా చేసిపెట్టేవాడని ప్రతీతి. మతభేదము లేక అందరూ మొక్కుకుంటారు. కోరిక తీర్చలేదని కోపము వచ్చినవారు విగ్రహము తల తీసివేయడమూ కలదు! ఆ ఎరుపును చూచినప్పుడు మాకు మన అమ్మోరు గుళ్లే గుర్తుకు వచ్చాయి.

సలాజీ లోయలో స్థిర నివాసము 1830 ప్రాంతమున ఆరంభమైనది. వేడినీటి ఊటలు బయటపడిన తరువాత తీరప్రాంతపు ధనికులు ఆరోగ్యము కొరకు ఎల్‌బూర్‌కు వచ్చేవారు. 1948 నాటి తుపానుతో ఊటలు మూసుకుపోయినవి, నేడు స్నానశాలల శిథిలములే మిగిలినవి. ఆనాటి చెక్క ఇండ్లు మాత్రము నిలిచి, గ్రామమునకు ‘ఫ్రాన్సు అత్యంత సుందర గ్రామములు’ జాబితాలో చోటు సంపాదించినవి. చూరు అంచున జాలరు పని, ప్రహరీ మూలన ‘గేతలి’ అను చిన్న మంటపము వీటి ప్రత్యేకతలు. గేతలిలో కూర్చుని వీధిన పోయేవారిని గమనించేవారట. మన అరుగు మీద జరిగే పనే, కాస్త దర్జాగా! ఫోలియో ఇంటి తోటలో దీనిని చూడవచ్చును.

అయితే ఈ లోయకు మొదట వచ్చినవారు ధనికులు కారు. తోటల నుండి పారిపోయిన మలగాసీ, ఆఫ్రికా బానిసలు అంతకు ముందే ఇక్కడ దాగినారు. లోయ నడుమ నిలిచిన 1,356 మీటర్ల శిఖరము ఆంషేంగ్ అనువాని పేర ఉన్నది. భార్య ఏవాతో ఆ కొండపై దాగిన అతడు, వేటగాండ్రు చుట్టుముట్టగా దూకి గద్దగా మారినాడని ఒక కథ. 1848 డిసెంబరు 20న బానిసత్వము రద్దయిన దినము నేటికీ దీవికి సెలవు.

మన చరిత్ర ఈ కథకు ఇక్కడే తగులుతుంది. రెయూనియన్‌కు ఒప్పందముపై వచ్చిన తొలి భారతీయ కూలీలు 1828లో యానాం నుండి బయలుదేరినవారు. ఫ్రెంచి దస్త్రములలో వారు ‘తెలింగ’లు. మనలను ఈ దేశములో ‘కొరింగీ’లని పిలిచిన పేరుకు మూలమైన కోరంగి రేవు యానాముకు ఎంతో దూరము కాదు. అనగా, ఒకే గోదావరి ముఖమునుండి రెండు దీవులకు జనము పోయినారు. ఇక్కడ మనకు ఉగాది సెలవు ఉన్నది, రామభజన ఉన్నది. అక్కడ మాత్రము తెలుగువారు ‘మలబార్’ అను ఒక్క మాటలో కలిసిపోయినారు. తొలి కూలీలలో చాలామంది జీతములు సరిగా అందక తిరిగిపోయినారు. తరువాత వచ్చినవారి పేర్లు గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాయబడినవి. ఎల్‌బూర్ శ్మశానమున పూలమొక్కల నడుమ సమాధుల మీది పేర్లు ఒక్కొక్కటిగా చదివాము. తెలుగు పేరని నిశ్చయముగా చెప్పదగినది ఒక్కటీ కనబడలేదు. ఈ దీవిలో బంధువులుండేవారని పెద్దల నోట విన్న కుటుంబములు మనలో ఉంటే, ఆ పేర్లను ఇప్పుడే వ్రాసి ఉంచవలెనని కోరుతున్నాము.

వెళ్లదలచినవారు ఉదయమే చేరుకొనవలెను. మధ్యాహ్నమునకు మబ్బు దిగి శిఖరములు కనబడవు. సాంత్ ఆంద్రే నుండి బస్సు ఉన్నది. దారిలో ‘పెండ్లికూతురి మేలిముసుగు’ జలపాతము ఎడతెగక జారుతుంది. భోజనమునకు షూషూ తప్పదు. అది మన సీమవంకాయే. కాయను కూరగా, లేత తీగను ఆకుకూరగా వండుతారు. ఎండిన తీగ నారతో అల్లిన టోపీలూ కలవు. మేము రెండు కొని తెచ్చుకున్నాము.