జెర్డన్ పుస్తకాల్లో మనవాళ్లు

థామస్ కావెర్‌హిల్ జెర్డన్ పేరు మనలో చాలామందికి తెలియదు. 1811లో ఇంగ్లండులో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా 1836లో మద్రాసు చేరి, మొదట గంజాంలో, తర్వాత నెల్లూరులో పనిచేశాడు. జీతం రోగుల్ని చూసినందుకు. మనసు మాత్రం పిట్టల మీద, పాముల మీద, ఆఖరికి చీమల మీద కూడా. 1862-64లో అచ్చయిన ఆయన పక్షుల గ్రంథంలో శాస్త్రీయనామాల పక్కన తెలుగు పేర్లూ ఉన్నాయి.

ఆ పేర్లు ఆయనకు ఎవరు చెప్పారు? ఏ జంతువు ఎక్కడ తిరుగుతుందో, ఏ పిట్ట ఎప్పుడు గుడ్లు పెడుతుందో పరాయి దేశపు డాక్టరుకు ఎలా తెలిసింది? నెల్లూరులో ఉన్నప్పుడు యానాదుల దగ్గర ఎన్నో సంగతులు తెలుసుకున్నాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. ఒక్క వాక్యం, అంతే. చెప్పిన మనిషి పేరు లేదు, ఊరు లేదు. జెర్డన్ కష్టాన్ని మనం తక్కువ చేయనక్కర్లేదు. విన్నదాన్ని కాగితం మీద పెట్టాడు, అదీ పెద్ద పనే. అయినా సగం చరిత్ర చెప్పకుండానే పోయింది.

కలివికోడి సంగతి చూడండి. 1848 ప్రాంతంలో జెర్డన్ దాన్ని లోకానికి చూపించాడు, ఇంగ్లీషులో ఆయన పేరే దానికి పెట్టారు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ ఎవరికీ దొరకలేదు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వెతికి వెతికి, అంతరించిపోయిందనుకున్నారు. అది రాత్రిపూట తిరిగే పక్షి, పగలు వెతికితే ఏం కనిపిస్తుంది! బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో బొమ్మ చూపిస్తూ అడిగాడు. 1986 జనవరిలో ఐతన్న అనే వేటగాడు రాత్రి టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. 86 ఏళ్లుగా లేదనుకున్న పక్షి అది! ఈసారి పట్టినవాడి పేరు రాశారు. అందుకే ఐతన్న మనకు తెలుసు, జెర్డన్‌కు చెప్పిన యానాది తెలియడు.

నెల్లూరు, కడప వైపు బడుల్లో ఉన్న మిత్రులకు ఒక మాట. యానాది పెద్దల దగ్గర కూర్చుని పిట్టల పేర్లు రాసుకోండి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తప్పకుండా వేయండి. ఆ జాబితాను జెర్డన్ తెలుగు పేర్ల పక్కన పెట్టి చూద్దాం.